రేపటి భయం ముందు రామదాసు పద్యం

దాశరథీ శతకంలోని ఈ పద్యం చాలామందికి చిన్నప్పుడే నోటికి వచ్చి ఉంటుంది.

ముప్పున గాలకింకరులు ముంగిట వచ్చిన వేళ, రోగముల్
గొప్పరమైనచో గఫము కుత్తుక నిండిన వేళ, బాంధవుల్
గప్పిన వేళ, మీ స్మరణ గల్గునొ గల్గదొ నాటి కిప్పుడే
తప్పక చేతు మీ భజన దాశరథీ! కరుణాపయోనిధీ!

ముసలితనంలో యమభటులు వాకిట్లోకి వచ్చినప్పుడు, రోగాలు ముదిరి గొంతులో కఫం నిండినప్పుడు, బంధువులు చుట్టూ మూగినప్పుడు నువ్వు గుర్తుకొస్తావో రావో, అందుకే నీ భజన ఇప్పుడే చేసుకుంటాను రామా అంటున్నాడు. గుడి కట్టించినందుకు గోల్కొండ చెరలో ఏళ్ల తరబడి మగ్గిన కంచర్ల గోపన్న మాట ఇది.

మా వారికి పార్కిన్సన్స్ అని తేలాక ఈ పద్యం మా ఇంట్లో రోజూ వినిపిస్తోంది. ఈ జబ్బులో, ఒంటి కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు మెల్లమెల్లగా తగ్గిపోతాయి. చెయ్యి వణకడం అందరికీ కనిపిస్తుంది. ఒళ్లు బిగుసుకోవడం, నడక నెమ్మదించడం, గొంతు సన్నబడడం, మింగడం కష్టమవడం, వీటిలో ఏది ఎవరికి ఎప్పుడు వస్తుందో డాక్టర్లు కూడా కచ్చితంగా చెప్పలేరు. అసలు టెన్షన్ అదే. "ఇంకో ఐదేళ్లకి నా పరిస్థితి ఏమిటంటావ్?" అని రాత్రిపూట ఆయన అడిగితే నా దగ్గర జవాబు ఉండదు.

"అంతా ఆయనే చూసుకుంటాడు, ఆలోచించకండి" అని చుట్టాలు ప్రేమతోనే అంటారు. రామదాసు మాత్రం ఆలోచించవద్దని అనలేదు. భయపెట్టేవాటిని ఒక్కొక్కటిగా రాముడి ముందు పెట్టాడు. ఆ వేళకు స్మరణ తప్పకుండా ఉంటుందని ధీమాగా కూడా చెప్పుకోలేదు. అంతటి భక్తుడికే ఆ సందేహం వచ్చినప్పుడు మనకు దిగులు పుడితే అది భక్తి తక్కువై కాదు. పైగా ఆందోళన, దిగులు ఈ జబ్బు లక్షణాల్లో భాగమే, మెదడులో జరిగే మార్పులు కూడా వాటిని తెస్తాయి. వణుకు గురించి చెప్పినట్టే దీని గురించీ డాక్టరుకు చెప్పాలి. దీనికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. ఎన్ని పూజలు చేసినా మనసు కుదుటపడలేదని తమను తామే నిందించుకునేవాళ్లు నాకు తెలుసు, వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మాత్ర వేసుకుంటే రాముణ్ణి నమ్మనట్టు కాదు. ఏకాదశి ఉపవాసమైనా సరే పార్కిన్సన్స్ మాత్రలు వేళకు పడాల్సిందే, ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం.

రేపు ఏమవుతుందో రామదాసు తేల్చలేదు. తేలని ప్రశ్నను రాముడికి వదిలి, ఇవాళ్టికి తన పని తాను పెట్టుకున్నాడు. మాకు ఆ పని పాటతో మొదలైంది. పార్కిన్సన్స్‌లో గొంతు తగ్గిపోతున్నా ఆ మనిషికి తాను మామూలుగానే మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. అందుకే స్పీచ్ థెరపీలో నోరు బాగా తెరిచి గట్టిగా పలకమంటారు. మా ఆయన ఆ సాధన దేవుడి గదిలో రామదాసు కీర్తనలతో చేస్తారు. వీధిలోకి వినపడాలి అంటాను నేను. గుమ్మం దగ్గర అడుగు పడక కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతే, ఆ కీర్తన తాళమే నేను చేత్తో వేస్తాను. లయ అందితే కాలు కదులుతుంది, ఫిజియోథెరపిస్టులు కూడా ఈ పద్ధతి వాడతారు. రామకోటి కూడా రాస్తారు. ఈ జబ్బుకు అక్షరాలు రానురాను చిన్నవైపోతాయి కాబట్టి ఒక్కో గడి నిండేలా ఒక్కో "రామ" రాయమన్నాం. పేజీ పూర్తి కావాలన్న పట్టింపు లేదు.

బంధువులు చుట్టూ చేరే వేళకు మన మాట మనం చెప్పుకోగలమో లేదో. ఈ పద్యంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. అందుకే ఒక ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి బ్యాంకు కాగితాలు, ఎలాంటి వైద్యం కావాలి, ఏది వద్దు, అన్నీ మాట్లాడుకున్నాం. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం స్థిమితంగానే ఉన్నారు. "నాకు మాట సరిగ్గా రాకపోయినా, నా ఎదురుగానే నేను లేనట్టు నా గురించి మాట్లాడుకోకండి" అన్నారు. అప్పటి నుంచి పిల్లలు ఫోన్ చేసినప్పుడు నాన్నెలా ఉన్నారని నన్ను అడగడం మానేశారు. ఆయన్నే అడుగుతున్నారు, జవాబు వచ్చేదాకా ఆగుతున్నారు.