ప్యాకెట్ వెనక ఏముందో అడిగినందుకు: నా అనుభవం

మా బాబు పొద్దున్నే తినే సీరియల్‌లో (పాలలో వేసుకుని తినే ఓట్స్ లాంటి ప్యాకెట్ తిండి) చక్కెర ఎంతుందని అడిగితే, నిన్న రాత్రి ఆ కంపెనీ నుంచి ఎట్టకేలకు జవాబు వచ్చింది. ఎన్ని తిప్పలు పెట్టారో తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది. అన్నీ గుర్తుండగానే రాసేస్తే పిల్లలున్న వాళ్లకు పనికొస్తుందని కూర్చున్నాను.

మా బాబుకి పళ్లు పుచ్చడంతో మొదలైంది ఇదంతా. పొద్దున్నే ఏం తింటాడని పళ్ల డాక్టర్ అడిగారు. ఆర్గానిక్ సీరియల్ అన్నాను. "ఆర్గానిక్ సరేనమ్మా, అందులో చక్కెర ఎంతుందో చూశారా?" అన్నారు. అదే నెలలో మా ఆయనకు బీపీ మాత్రలు మొదలయ్యాయి. ఇక ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువూ చదివే కొనాలని నిర్ణయించుకున్నాను.

కూరగాయలు, పళ్లు, పప్పుల విషయంలో పెద్ద ఇబ్బంది రాలేదు. రోజుకు మనిషికి కనీసం 400 గ్రాముల పళ్లు, కూరగాయలు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా ఇంట్లో అంత తినేవాళ్లం కాదు, ఇప్పుడు తింటున్నాం. ఆర్గానిక్‌వి అందుబాటులో ఉంటే అవి, లేకపోతే మామూలువి. ఏవైనా సరే ధారగా పడే నీళ్ల కింద బాగా కడుగుతాను. ఆర్గానిక్ అయినా మట్టీ, క్రిములూ ఉంటాయి కాబట్టి కడగక తప్పదు.

ఆర్గానిక్ అనే ముద్ర పంట ఎలా పండించారో చెబుతుంది. కృత్రిమ రసాయన ఎరువులు, పురుగుమందుల మీద కట్టుబాట్లు పాటించారని, జన్యుమార్పిడి విత్తనాలు వాడలేదని దాని అర్థం. అది మంచి విషయమే, నేను కాదనను. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలెన్నో కలిపి చూశారు. ఆర్గానిక్ పంటల్లో పురుగుమందుల అవశేషాలు ఉండే అవకాశం తక్కువని, పోషకాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఉందనడానికి గట్టి ఆధారం లేదని తేల్చారు. పొలంలో ఏ మందు కొట్టారన్నది ఒక ప్రశ్న. ప్యాకెట్‌లో ఎంత చక్కెర, ఎంత ఉప్పు పోశారన్నది వేరే ప్రశ్న. ఈ రెండో ప్రశ్న అడిగినందుకే నేను పడరాని మాటలు పడ్డాను.

మేం సీరియల్ కొనే దుకాణంలో అన్నీ ఆర్గానిక్ సరుకులే అమ్ముతారు. పెట్టె వెనక ఉన్న పట్టికలో ఒక సర్వింగ్‌కి, అంటే ఒకసారి వడ్డించుకునే కొలతకి, చక్కెర 7.2 గ్రాములు అని ఉంది. ఆ కొలత ఎన్ని గ్రాములో అక్కడ లేదు. బిల్లు కౌంటర్‌లో ఉన్నాయన్ని అడిగాను. ఆయన పెట్టె ముందువైపు తిప్పి, ముద్ర మీద వేలు పెట్టి, "ఇది చూశాక కూడా డౌటా మేడం?" అన్నాడు. చక్కెర గురించి అడుగుతున్నానండీ అన్నాను. "ఆర్గానిక్ చక్కెర ఒంటికేం చెయ్యదు మేడం. అంత లెక్కలు చూసుకునేవాళ్లు మామూలు సరుకు కొనుక్కోవచ్చు, ఇది అందరికీ కుదరదు" అన్నాడు. నా వెనక వరుసలో జనం ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దావిడ, "పిల్లల తిండి దగ్గర కూడా పీనాసితనమేంటమ్మా" అంది. నేను ధర ఊసే ఎత్తలేదు. అయినా అక్కడున్న వాళ్లందరి దృష్టిలో బిడ్డకు మంచి తిండి కొనలేక బేరమాడుతున్న తల్లినయ్యాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెట్టె కౌంటర్ మీదే పెట్టేసి వచ్చేశాను.

ఒక్క మాట చెప్పాలి ఇక్కడ. తల్లి ప్రేమను సరుకు ధరతో కొలిచే అలవాటు చాలా చెడ్డది. ఖరీదైనది కొన్న తల్లి గొప్పదీ కాదు, చవకది కొన్న తల్లి తక్కువదీ కాదు. అమ్మే వస్తువులో ఏముందో చెప్పడం అమ్మేవాడి బాధ్యత. అడిగిన మనిషి నోరు మూయించడం వ్యాపారం కాదు.

ఇంట్లో ఉన్న పాత పెట్టె తీసి భూతద్దంతో చూశాను. పక్క మడతలో, చీమ తలకాయంత అక్షరాల్లో, ఒక సర్వింగ్ 30 గ్రాములు అని ఉంది. అంటే 100 గ్రాములకు 24 గ్రాముల చక్కెర. పెట్టెలో దాదాపు నాలుగో వంతు! మా వాడు రోజూ తినేంత గిన్నెలో పోసి తూచాను, 60 గ్రాములు వచ్చింది. అంటే గిన్నెకు 14.4 గ్రాములు. ఒక చెంచా చక్కెర సుమారు 4 గ్రాములు కాబట్టి మూడున్నర చెంచాలు దాటింది. 30 గ్రాములు గిన్నెలో పోసి చూడండి, అడుగు కూడా సరిగ్గా నిండదు. అంత కొంచెం తిని లేచే పిల్లాడు ఉంటాడా? అంకె చిన్నదిగా కనిపించాలనే ఆ కొలత పెట్టారని నా గట్టి నమ్మకం.

తర్వాత పదార్థాల జాబితా. బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక రాయాలన్నది నియమం. అందులో మొదట ఓట్స్ ఉంది. ఆ తర్వాత ఆర్గానిక్ చెరకు చక్కెర, తేనె, ఖర్జూరం సిరప్, చిక్కటి ఆపిల్ రసం అని విడివిడిగా ఉన్నాయి. తీపి ఒక్కటే, పేర్లు నాలుగు. విడగొట్టేసరికి ఒక్కోటీ జాబితాలో కిందికి జారిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల ప్రకారం కలిపిన చక్కెర, తేనె, సిరప్‌లు, పళ్లరసాల్లోని చక్కెర, ఇవన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి. రోజు మొత్తం తిండి నుంచి వచ్చే శక్తిలో వాటి వాటా 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపుంటే ఇంకా మంచిది. 2000 కేలరీలు తినే పెద్దవాళ్లకు 5 శాతమంటే 25 గ్రాములు. చిన్నపిల్లలు తినేదే తక్కువ కాబట్టి వాళ్ల హద్దు ఇంకా తక్కువ.

ఈ నాలుగూ కలిపి ఎంతో తెలుసుకుందామని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. "మా ప్రొడక్ట్ నూరు శాతం ఆర్గానిక్ మేడం" అని ఒకమ్మాయి. ప్రశ్న మళ్లీ చెప్పాను, అదే జవాబు. లైన్ ఇంకొకరికి, అక్కడి నుంచి మరొకరికి మారింది. చివర్లో పోషకాహార సలహాదారునని చెప్పుకున్నాయన, "బాబుకి షుగర్ ఉందా? అలర్జీ ఉందా? లేవా? మరి ఈ వివరాలు మీకెందుకు?" అని అడిగాడు. జబ్బు వచ్చాకే అడగాలా? నా బిడ్డ నోట్లోకి వెళ్లేదాని గురించి అడగడానికి నేను తల్లినైతే చాలదా? ఆయన మాత్రం ఫార్ములా కంపెనీ రహస్యమని ఫోన్ పెట్టేశాడు. నేను అడిగింది తయారీ రహస్యం కాదు, ఒక్క అంకె.

ఇంక ఫోన్లు మానేసి మెయిల్ పెట్టాను. బ్యాచ్ నంబర్ (ఏ విడతలో తయారైందో తెలిపే నంబర్) లేదని దాన్ని పక్కన పెట్టారు, అది చేర్చి అదే ప్రశ్న మళ్లీ పంపాను. నిన్న రాత్రి వచ్చింది జవాబు: 100 గ్రాములకు 20 గ్రాములు ఆ నాలుగింటి నుంచి, మిగతాది ఎండుద్రాక్ష, పాలపొడి నుంచి. మా వాడి గిన్నెకు 12 గ్రాములు, అంటే మూడు చెంచాలు. నోటితో చెప్పనిది రాతపూర్వకంగా అడిగితే చెప్పారు. అందుకే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి టైం వృథా చేసుకోకండి. ఆర్గానిక్ దుకాణాల్లో కౌంటర్ దగ్గర సలహా అసలు అడగొద్దు.

ఇప్పుడు మా వాడికి ఉత్త ఓట్స్ ఉడికించి, పండు ముక్కలు వేసి పెడుతున్నాను. మొదట్లో మారాం చేశాడు, ఇప్పుడు తింటున్నాడు. పళ్లరసం పెట్టెలు కొనడం మానేశాం. చక్కెర కలపలేదని రాసినా రసంలో పీచు చాలావరకు పోతుంది, తీపి ఉంటుంది. పళ్లరసం బలమని అత్తయ్యగారు ఇప్పటికీ అంటారు. ఆవిడకు పండే కోసి ఇస్తున్నాను.

ఉప్పు లెక్క త్వరగానే పట్టుబడింది. సోడియం అంకెను 2.5తో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. మా ఆయన ఇష్టంగా తాగే ఆర్గానిక్ సూప్ ప్యాకెట్‌లో గిన్నెకు 800 మిల్లీగ్రాముల సోడియం, అంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలి. ఆ ప్యాకెట్లు ఆగిపోయాయి. మల్టీగ్రెయిన్ బ్రెడ్ కూడా చూసి కొనండి. రకరకాల ధాన్యాలు ఉన్నాయన్నంత మాత్రాన అవి పొట్టుతో ఉన్నాయని కాదు. జాబితాలో మొదటి పేరు ముడి ధాన్యానిది కాకపోతే నేను తీసుకోను. ఈ లెక్కలన్నీ మా తోటికోడలికీ, చెల్లెళ్లకీ నేనే నేర్పాను. ఇప్పుడు వాళ్లు ఏదైనా కొనేముందు నాకు ఫొటో పంపుతున్నారు.

కంపెనీకి నేను పంపిన ప్రశ్న ఇది, వస్తువు పేరు మార్చి వాడుకోండి: "మీ సీరియల్‌లో 100 గ్రాములకు మొత్తం చక్కెర ఎన్ని గ్రాములు? అందులో చెరకు చక్కెర, తేనె, సిరప్, పళ్లరసం నుంచి వచ్చేది అన్నీ కలిపి ఎన్ని గ్రాములు? అంకెల్లో, రాతపూర్వకంగా తెలపండి." పెట్టె మీది బ్యాచ్ నంబర్ కూడా రాయండి. అది లేదన్న సాకుతోనే నా మొదటి మెయిల్‌ని పక్కన పెట్టారు.