మట్టికోట మీద గునుగు పూలు

దసరా సెలవులు. రేపు ఎంగిలిపూల బతుకమ్మ. పువ్వు ముందురోజే తెచ్చి పెట్టుకోవాలని అత్తమ్మ పొద్దున్నే సంచి పట్టుకుని తయారైంది. పెద్దదేమో బడిలో కాకతీయుల పాఠం విన్నప్పటి నుంచి "యుద్ధమైన జాగ చూపియ్యి మమ్మీ" అని ఒకటే పోరు. రెండు పనులూ ఒక్కచోటే అవుతాయని హన్మకొండ నుంచి ఆటో మాట్లాడుకుని ఐదుగురం ఖిలా వరంగల్ పోయాం.

కీర్తి తోరణాల దగ్గర అరగంట కూడా లేము. విరిగిన రాళ్లన్నీ చూసి "గీడనేనా కొట్టుకున్నరు?" అంది పెద్దది. "ఇది స్వయంభూ శివుని గుడి బిడ్డా. యుద్ధం ఓడిపోయినంక కూలగొట్టిన్రు. యుద్ధం జరిగింది బయట" అని చెప్పి మళ్లీ ఆటో ఎక్కించాను.

రాతికోట దర్వాజలో బాట సూటిగా ఉండదు. ఒక ద్వారం దాటగానే పక్కకు మళ్లాలి, ఆ తర్వాతే ఇంకో ద్వారం. మా ఆటో అక్కడ హారన్ కొట్టుకుంటూ మెల్లగా తిరిగింది. "చూసినవా, ఆటోనే ఉరకలేకపోయింది, గుర్రాలు ఎట్ల ఉరుకుతయి?" అన్నాడు మా ఆయన. పిల్లలకు ఎంత నచ్చిందంటే దిగి అదే మూల చుట్టూ రెండుసార్లు తిరిగారు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి ఎత్తు పెంచిన గోడ అది. 45 బురుజులు.

అది దాటి అర కిలోమీటరు పైన పోతే మట్టికోట. చూడవచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడ ఆగరు. తోరణాల దగ్గర ఫోటో దిగి వెళ్లిపోతారు. దూరం నుంచి చూస్తే పొదలు మొలిచిన గుట్టలాగే ఉంటుంది మరి. కొన్నిచోట్ల తరిగిపోయింది, కొన్నిచోట్ల ఇళ్లొచ్చాయి. చూసిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది. దెబ్బలు కాసింది ఇదే కదా. 1310 జనవరిలో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం మొదట ఎదుర్కొన్నది ఈ గోడనే. ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టిదని, యంత్రాలు విసిరిన రాళ్లు తగిలి పిల్లలాడుకునే కాయల్లా వెనక్కి ఎగురుతాయని శత్రువుల వైపు కవి అమీర్ ఖుస్రోనే రాశాడు. ఆ మాట చెప్పగానే చిన్నోడు గులకరాయి తీసి విసిరాడు. రాయి వాడి కాళ్ల దగ్గరికే వచ్చి పడింది. ఇంకోటి, ఇంకోటి. పెద్దది గోరుతో గీకి చూసి "మమ్మీ, నిజంగనే దిగుతలేదు" అంది. నాకు ఒళ్లు జలదరించింది. వాళ్లు ఆగేదాకా నేనేమీ మాట్లాడలేదు.

ఈ గోడను దాటాక, రాతికోట ఇంకా నిలబడి ఉండగానే, కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ఖజానా ఇచ్చి సంధి చేసుకున్నాడు. తర్వాత కొన్నేళ్లకు ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చాడు. ఆరు నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. ఢిల్లీలో సుల్తాను చచ్చిపోయాడన్న పుకారుతో సైన్యం చెదిరి వెనక్కి పోయింది. గెలిచామనుకుని రాజు పండుగ చేశాడు, ధాన్యం గాదెలు తెరిచి పంచాడు. కొద్ది నెలలకే వాళ్లు మళ్లీ వచ్చారు. గాదెలు ఖాళీ. 1323లో ఓరుగల్లు పడిపోయింది. రాజును ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున కన్నుమూశాడని విలస శాసనంలో ఉంది.

ఇదంతా తినే టైంలో చెప్పాను, చింతచెట్టు కింద పులిహోర డబ్బాలు విప్పుకుని. చిన్నోడు ముద్ద నోట్లో పెట్టుకోకుండా అడిగాడు.

"బియ్యం అయిపోతే పక్కింట్ల అడగలేదా?"

"పక్కింట్ల గూడ అయిపోయినయి నాన్నా."

"దుకాణంల?"

"దర్వాజలన్నీ మూసిపెట్టిన్రు గదా. బయటికెవ్వరు పోరాదు, లోపటికేమీ రాదు."

"పిల్లలు గూడ తినలేదా?"

దానికి నాకు గొంతు పెగల్లేదు. రాజుల గురించి, బురుజుల గురించి ఇన్నేళ్లు చదివాను గానీ, లోపల ఉన్న ఐదేళ్ల పిల్లల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. అత్తమ్మే అందుకుంది. "తల్లులు ఏదో ఒకటి వండి పెట్టి ఉంటరు బిడ్డా. నువ్వు తిను."

ఎండ తగ్గాక పువ్వు కోశాం. గోడ వాలు నిండా గునుగే, తెల్లగా, కొసకు గులాబీ రంగుతో. కింద అక్కడక్కడా తంగేడు. అత్తమ్మ పైకి ఎక్కలేదు, కొంగు పట్టి నిలబడితే పిల్లలు కోసి తెచ్చి పోశారు. సంచి నిండిపోయింది.

ఇంటికొచ్చి పూల మీద నీళ్లు చల్లి తడిబట్ట కప్పాం. పెద్దది వెంటనే నిద్రపోయింది. చిన్నోడు మాత్రం లేచి వంటింట్లోకి వచ్చి, "నానమ్మా, మనింట్ల బియ్యం ఉన్నయా?" అన్నాడు. అత్తమ్మ నవ్వలేదు. డ్రమ్ము మూత తీసి, వాణ్ణి ఎత్తి చూపించింది. వాడు మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు అందడం లేదని చూసుకుని, అప్పుడు వచ్చి పడుకున్నాడు.