పాత జీన్సుతో రైతుబజారు సంచి

కత్తెర పట్టే ముందు ప్యాంటును కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. జీన్సు బట్టలో నిలువు పోగులకే నీలం రంగు, అడ్డపోగులు తెల్లవి. మోకాళ్ల దగ్గర, తొడల లోపలివైపు నీలం అరిగి తెల్ల పోగులే కనిపిస్తుంటే అక్కడ బట్ట అయిపోయినట్టే, బరువు ఆగదు. తర్వాత అడ్డంగా లాగి చూడండి. సాగిందంటే అందులో లైక్రా లాంటి సాగే ప్లాస్టిక్ పోగు కలిసింది. అలాంటి బట్టతో కళ్లజోడు సంచో, పెన్నుల సంచో కుట్టుకోవచ్చు. కూరల సంచి కుడితే మాత్రం నాలుగు కిలోల ఉల్లిపాయలకే జారి మోకాళ్ల దాకా వేలాడుతుంది.

సాగని ప్యాంటు, 34 నడుం, మామూలు కోతది అనుకుందాం. కాళ్ల లోపలివైపు ఉండే మందపాటి మడత కుట్టును విప్పుతూ కూర్చోవడం దండగ. దానికి రెండు పక్కలా కత్తిరించి, తాడులా తీసి పక్కన పెట్టండి. మల్లెతీగ కట్టడానికి అంతకన్నా గట్టి తాడు దొరకదు. ఇప్పుడు ఒక్కో కాలు విప్పి పరిస్తే 40 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. పొడవు ముక్క సులువుగా వస్తుంది. మోకాలు అరిగి ఉంటే వెనక జేబు విప్పి సరిగ్గా ఆ చోట కుట్టేయండి. చిల్లరకు జేబూ అవుతుంది, అతుకూ అవుతుంది.

రెండు ముక్కలనూ మంచివైపులు లోపలికి పెట్టి, అంచు నుంచి 1.5 సెం.మీ. వదిలి మూడు వైపులా కుట్టాలి. అడుగు మూలలు రెండూ త్రికోణంగా లాగి, కుట్టు గీత 10 సెం.మీ. వచ్చే చోట అడ్డంగా కుడితే సంచికి అడుగు వస్తుంది, కింద పెడితే నిలబడుతుంది. పైఅంచు రెండు మడతలు వేసి కుట్టండి. చేతిపట్టీలకు నడుం పట్టీయే చాలు: గుండీ ఉన్న కొస, కాజా ఉన్న కొస కోసేసి, మిగిలినదాన్ని సగం చేయండి. ఒక్కో కొస 5 సెం.మీ. సంచి మీదికి వచ్చేలా పెట్టి, చదరంగా కుట్టి, లోపల ఇంటూ గుర్తు వేయండి. ఒక్క అడ్డకుట్టుతో వదిలేస్తే మొదట తెగేది అక్కడే.

మిషన్ మొరాయించేదీ ఇక్కడే. 11, 14 నంబరు సూదులు జీన్సు మందానికి వంగిపోతాయి. 16 పెట్టండి, మడతలు మరీ ఎక్కువైతే 18. దారం పాలిస్టర్‌ది, కుట్టు పొడవు 3 నుంచి 3.5 మి.మీ. ఇంతకన్నా దగ్గరగా కుడితే సూది చిల్లులే బట్టను చింపుతాయి. మందపాటి చోటుకు రాగానే మిషన్ పాదం (సూది దగ్గర బట్టను నొక్కిపట్టేది) ముందువైపు పైకి లేస్తుంది, బట్ట కదలదు, ఒకేచోట దారం ఉండ కడుతుంది. అప్పుడు పాదం వెనకవైపు కింద అంతే మందం మడతపెట్టిన జీన్సు ముక్క పెట్టి, చక్రం చేత్తో తిప్పుతూ దాటించండి. మడతను ముందే సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే సగం కష్టం తగ్గుతుంది.

జేబుల మూలల్లో బిగించిన రాగి రివెట్ల మీదుగా కుట్టకండి, సూది విరిగి కంట్లో పడొచ్చు. పట్కారుతో పీకేయండి. మన సముద్రపు గాలికి నాసిరకం జిప్పులు, ఇనుప గుండీలు తుప్పుపట్టి బట్టకు మరకలు చేస్తాయి కాబట్టి వాటినీ దాచుకోకండి.

రంగు దిగుతుందా అని అనుమానముంటే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు గానీ, నీలిమందు పోగు పైపైనే ఉంటుంది, ఉప్పుకు లొంగదు. రెండు మూడుసార్లు విడిగా ఉతకడమే దారి.

మిగిలిన ముక్కలు మసిగుడ్డలకు: 20 సెం.మీ. చదరాలు రెండు, మధ్యలో పాత తువ్వాలు ముక్క. దీనికీ సాగే బట్ట వద్దు, బాగా వేడెక్కిన గిన్నెకు అందులోని ప్లాస్టిక్ పోగు కరగొచ్చు. తడిసిన మసిగుడ్డతో వేడి గిన్నె పట్టినా చెయ్యి కాలుతుంది.

ఇక ఫిషింగ్ హార్బర్‌కి ఈ సంచి తీసుకెళ్లకండి. చేప నీళ్లు పీల్చిందంటే ఎన్ని ఉతుకులు ఉతికినా వాసన ఓ పట్టాన వదలదు, వానాకాలంలో అయితే అసలు ఆరనే ఆరదు.