బ్యాటరీ పోయేలోపు ఆ 256 అంకెలు

నా దగ్గర హెచ్‌పీ 3478ఏ మల్టీమీటరు ఒకటుంది, వోల్టులూ ఓములూ ఆంపియర్లూ కొలిచేది. 1980ల నాటి బెంచ్ మీటరు, ఐదున్నర డిజిట్లది. ఒకరోజు పైమూత తీస్తే బోర్డుకు సోల్డర్ చేసిన మూడు వోల్టుల లిథియం బ్యాటరీ కనిపించింది. అక్కడ మొదలైంది టెన్షన్. ఈ మీటరు కాలిబ్రేషన్ లెక్కలన్నీ, అంటే రీడింగును సరిచేసే అంకెలన్నీ, ఒక చిన్న ర్యామ్‌లో ఉంటాయి, 256 నిబుల్స్‌గా. నిబుల్ అంటే నాలుగు బిట్లు, సగం బైటు. స్విచ్ ఆపేశాక ఆ ర్యామ్‌ను బతికించేది ఈ బ్యాటరీ ఒక్కటే. అది పోయిందంటే మీటరు ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది, నమ్మడానికి మాత్రం ఉండదు.

బ్యాటరీ మార్చడం పెద్ద పనేం కాదు. కానీ మార్చేటప్పుడు ఒక్క క్షణం కరెంటు తెగితే రేంజ్‌లన్నీ మొదటినుంచి సరిచేయాలి. డీసీ వోల్టులకైతే ఏదో తంటాలు పడతాను. ఏసీకి, మెగా ఓములకు, మూడు ఆంపియర్లకు సరిపోల్చుకునే ప్రమాణాలు ఇంట్లో ఎవరి దగ్గరుంటాయి? అందుకే ముందు కంప్యూటర్లోకి కాపీ, తర్వాతే సోల్డరింగ్ ఐరన్ అనుకున్నాను.

మీటరు వెనక 24 పిన్నుల జీపీఐబీ కనెక్టర్ ఉంది, కొలత పరికరాలను కంప్యూటర్‌తో కలిపేది. హెచ్‌పీ తన పరికరాలు మాట్లాడుకోవడానికి తయారుచేసుకున్న ఈ డేటా బస్సే (ఉమ్మడి వైర్ల కట్ట) 1975లో ఐఈఈఈ-488 ప్రమాణమైంది. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టు ఎక్కడుంటుంది? ఆర్డ్యునో నానో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులో ఏఆర్488 అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఎక్కించి, దానికీ కనెక్టర్‌కీ మధ్య వైర్లు కలిపాను. ఒక సాయంత్రం పట్టింది, అందులో సగం పిన్ నంబర్లు తిరగేసి చూసుకున్నందుకే. ఇది ప్రోలాజిక్స్ అనే జీపీఐబీ అడాప్టర్ భాషనే వాడుతుంది. రెండు ప్లస్ గుర్తులతో మొదలైతే ఆ మాట అడాప్టర్‌కు, లేకపోతే మీటరుకు. బస్ మీద మీటరు అడ్రస్ 23 ఇచ్చి, అలవాటు కొద్దీ స్టార్ ఐడీఎన్ అని అడిగాను, నువ్వెవరని. మీటరు ఒక వోల్టేజీ చెప్పింది. నవ్వొచ్చింది. ఆ కమాండ్ పుట్టింది 1987 ప్రమాణంలో, ఈ మీటరు దానికంటే పాతది. దీనికి తెలిసిన భాష పొట్టిది. ఎఫ్1 అంటే డీసీ వోల్టులు, ఎఫ్3 అంటే రెండు వైర్ల ఓములు.

కాలిబ్రేషన్ ర్యామ్ చదవడానికి డబ్ల్యూ అక్షరం పంపి, వెంటనే ఒక బైటులో అడ్రస్ ఇవ్వాలి. సున్నా నుంచి 255 దాకా ఇలా అడుగుతూ పోతే ఒక్కోదానికి ఒక్కో అక్షరం తిరిగొస్తుంది. చదవడానికి ముందు ప్యానెల్ మీది కాల్ ఎనేబుల్ స్విచ్‌ను తిప్పక్కర్లేదు, తిప్పకండి కూడా. రాయడానికే అది కావాలి.

పైథాన్‌లో పది పన్నెండు లైన్లు రాసి నడిపాను. ఫైలు వచ్చింది, కానీ నాలుగు చోట్ల చెత్త. మళ్లీ నడిపితే మళ్లీ అవే నాలుగు చోట్లు: 10, 13, 27, 43. వైరు వదులైతే తప్పు చోటు మారుతూ ఉండాలి కదా. రాత్రంతా ఇదే ఆలోచన. పొద్దున ఆస్కీ పట్టిక, అంటే ఏ అక్షరానికి ఏ అంకె కోడో చెప్పే పట్టిక, చూశాక వెలిగింది. 10, 13 అంటే లైను ముగింపు. 27 అంటే ఎస్కేప్. 43 అంటే ప్లస్ గుర్తు. ఈ నాలుగింటినీ అడాప్టర్ తనకే చెబుతున్నారనుకుని మింగేస్తోంది, మీటరు దాకా పోనివ్వడం లేదు. వాటి ముందు ఒక ఎస్కేప్ బైటు పెట్టి, ప్రతి కమాండ్ చివరా లైను ముగింపు తగిలించకుండా ఆపేసరికి ఫైలు శుభ్రంగా వచ్చింది.

శుభ్రంగా వచ్చిందని కంటికి అనిపిస్తే చాలదు. మొదటి నిబుల్‌నూ చివరి ఎనిమిదింటినీ పక్కన పెడితే మిగతాది 13 నిబుల్స్ చొప్పున 19 వరుసలు. ఒక్కో వరుసలో ఆఫ్‌సెట్‌కు (సున్నా దగ్గరి సవరణ) ఆరు, గెయిన్‌కు (హెచ్చింపు సవరణ) ఐదు, చివరి రెండూ చెక్‌సమ్, అంటే తప్పు పట్టుకునే సరిచూపు అంకె. మొదటి పదకొండూ కూడి దానికి చెక్‌సమ్ కలిపితే 255 రావాలి. పందొమ్మిదికి పందొమ్మిదీ వచ్చాయి. ఆ ఫైలును మూడు చోట్ల దాచాను, ఒక కాపీ కాగితం మీద కూడా.

ఇక బ్యాటరీ. మీటరు ప్లగ్ పీకేసి, రెండు ఏఏ సెల్స్‌ను వెయ్యి ఓముల రెసిస్టర్ మీదుగా పాత బ్యాటరీకి సమాంతరంగా తగిలించాను. ఐరన్ వేడెక్కాక దాని ప్లగ్ కూడా పీకి, ఆ వేడి మీదే పని కానిచ్చాను. కొత్త బ్యాటరీకి హోల్డర్ పెట్టాను. మళ్లీ చదివి రెండు ఫైళ్లూ పోల్చితే ఒక్క తేడా లేదు.

దీంతో మీటరు కాలిబ్రేట్ అయిపోయిందా? లేదు. పాత లెక్కలు పోకుండా నిలిచాయి, అంతే. కాలిబ్రేషన్ అంటే తెలిసిన విలువతో పోల్చి తేడా రాసుకోవడం. లోపలి లెక్కలు మార్చడం అడ్జస్ట్‌మెంట్, అది వేరే పని. కంప్యూటర్ తగిలించగానే మీటరుకు ఖచ్చితత్వం వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. కంప్యూటర్‌కు వోల్టు అంటే ఏమిటో తెలియదు, దానికున్నది ఓపిక. స్థిరమైన వోల్టేజీ ఇచ్చే ఎల్ఎం399 రిఫరెన్స్ చిప్ ఒకటి ముందురోజు నుంచే వేడిలో ఉంచి, మీటరు ఆన్ చేసిన క్షణం నుంచి పది సెకన్లకోసారి రీడింగ్ రాయించాను. ముప్పావుగంట దాకా చివరి అంకె మెల్లగా జారి, ఆ తర్వాత ఆగింది. గంటసేపు వేడెక్కనివ్వమని మాన్యువల్‌లో ఎందుకు రాశారో ఆ రీడింగుల గ్రాఫ్ చూశాకే ఒంటబట్టింది.

ఆ ఊపులో అటక మీది ఇంకో మల్టీమీటరు, మెటెక్స్ ఎం-3650సీఆర్‌ని కూడా దించాను. దానిది సీరియల్ పోర్టు: 1200 బాడ్, ఏడు బిట్లు, రెండు స్టాప్ బిట్లు. డీ అక్షరం పంపితే 14 అక్షరాల జవాబు రావాలి. రాలేదు. మీటరు లోపల కాంతితో సిగ్నల్ దాటించే ఆప్టోకప్లర్‌కు కరెంటు సీరియల్ లైన్ల నుంచే అందాలి. అంటే డీటీఆర్ అనే లైను పాజిటివ్‌లో, ఆర్‌టీఎస్ అనే లైను నెగెటివ్‌లో ఉండాలి. నా ప్రోగ్రామ్ రెండింటినీ పైకే లేపుతోంది. ఆర్‌టీఎస్ దించగానే మాట్లాడింది. దీని లోపల ర్యామ్ లెక్కలేం లేవు, స్క్రూడ్రైవర్‌తో తిప్పే ప్రీసెట్లే. కాబట్టి తిప్పడం నా పని, తిప్పాక గంటసేపు కూర్చుని రీడింగులు రాసుకోవడం కంప్యూటర్ పని.