తిరగేసి చూడమన్న మేడమ్

మన కాలేజీలో కాస్ట్యూమ్ హిస్టరీ పేపరంటే ఎవరికీ పెద్ద లెక్క ఉండేది కాదు. పరీక్ష ముందురోజు రాత్రి రాజుల పేర్లూ సంవత్సరాలూ బట్టీ కొడితే గట్టెక్కేస్తామన్న ధీమా. ఆ పేపర్ చెప్పిన మేడమ్ మాత్రం ఏ డ్రెస్సు చేతికొచ్చినా ముందు తిరగేసి కుట్లు చూసేవారు. "పైన మెరిసేది ప్రేక్షకులకి, లోపలిది మనకి" అనేవారు.

బ్యాలే దుస్తుల చరిత్రనూ ఆవిడ అలాగే చెప్పారు. 1653లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సూర్యుడి వేషం కట్టి ఆడిన రోజుల్లో ఒంటిమీద ఎంత బరువుంటే అంత హోదా. తర్వాత కామార్గో అనే నర్తకి తన పాదాల పనితనం జనానికి కనబడాలని గౌను అంచు కాస్త పైకి కత్తిరించిందంటారు. 1734లో మారీ సాలే లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో గౌను కింద కట్టే పంజరం తీసిపారేసి, గ్రీకు శిల్పంలా పల్చటి మస్లిన్ చుట్టుకుని 'పిగ్మేలియన్' ఆడింది. 1832లో పారిస్‌లో 'లా సిల్ఫీడ్' కోసం మారీ టాగ్లియోనీ తొడిగిన తెల్లటి గౌనుతో ఆ తరహాకే గిరాకీ వచ్చింది.

ఆ తెలుపు వెనకున్న కథ విన్నాక క్లాసులో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. అప్పట్లో స్టేజీకి గ్యాస్ దీపాలు. గౌనుకి నిప్పంటుకోకుండా రసాయనంలో ముంచే పద్ధతి ఉండేది గానీ, ముంచితే గుడ్డ బిరుసెక్కి రంగు మాసేది. ఎమ్మా లివ్రీ అనే నర్తకి అలా ముంచొద్దంది. 1862 నవంబరులో పారిస్ ఒపేరాలో రిహార్సల్ జరుగుతుండగా దీపం తగిలి గౌను భగ్గుమంది. ఎనిమిది నెలలు నరకం చూసి పోయింది. ఇరవై ఏళ్ల పిల్ల.

ప్రాక్టికల్స్‌లో పద్దెనిమిదో శతాబ్దపు బాడీస్‌ను, అంటే గౌనులో నడుం దాకా బిగుతుగా ఉండే పైభాగాన్ని, అచ్చు పాత కొలతలతో మస్లిన్ మీద కుట్టించారు. మా బ్యాచ్‌లో కూచిపూడి నేర్చిన అమ్మాయికి తొడిగితే ఫొటోలో చూసినట్టే కూర్చుంది. చేతులు పైకెత్తగానే నడుం దగ్గరి గుడ్డంతా పక్కటెముకల దాకా లేచొచ్చింది! కటింగ్ మాస్టర్ గారు నవ్వి, చంక భాగం పైకి దగ్గరగా కత్తిరించి, కింద డైమండ్ ఆకారంలో ఐమూల ముక్క అతికారు. మళ్లీ చేతులెత్తింది. నడుం కదల్లేదు. బయటికి చూస్తే అదే పాత బాడీస్, తేడా అంతా చంకలోనే. ఒపేరా గాయనికైతే చూసుకోవాల్సింది ఊపిరి. పక్కటెముకలు విచ్చుకోవాలి కాబట్టి వీపున తాళ్లు పెట్టి, బిగుతు సరిచేసుకునే వీలుంచుతారు.

వీపున హుక్కులకి రెండు మూడు వరసల కాజాలెందుకో కూడా అప్పుడే తెలిసింది. ఒకే డ్రెస్సు ఇవాళ ఒకరు, రేపు ఇంకొకరు వేసుకుంటారు. మన జాకెట్లకు వదిలినట్టే కుట్టు లోపల గుడ్డ ఎక్కువ వదలడమూ అందుకే.

ఇక 'లా బయదేర్'. 1877లో రష్యాలోని పీటర్స్‌బర్గ్‌లో పెతిపా అనే నృత్య దర్శకుడు కూర్చిన ఈ బ్యాలేలో రాజుగారిది సాక్షాత్తూ మన గోల్కొండ! గుడి నర్తకి వేషమేమో రష్యన్ బ్యాలే గౌను మీద పూసలూ గొలుసులూ. మేమంతా పగలబడి నవ్వితే మేడమ్ కోప్పడ్డారు. కాలు అంతెత్తు లేపాల్సిన మనిషికి చీర కడితే ఏమవుతుందో ఆలోచించమన్నారు. ఆవిడతో నేను ఇప్పటికీ పూర్తిగా ఏకీభవించను. కాలు అంతెత్తు లేవకపోవచ్చుగానీ, కూచిపూడి వాళ్లు చీరనే కత్తిరించి పైజామాలా కుట్టి, ముందు విసనకర్ర కుచ్చిళ్లు పెట్టి, మోకాళ్లు పక్కలకి వంచి నిలిచే అరమండికి చోటివ్వలేదా? చీర చీరలాగే కనబడుతుంది, కాళ్లూ ఆడతాయి. రష్యన్ టైలర్లకు ఆ అవసరం రాలేదంతే.

ఈసారి రీయూనియన్‌కి మేడమ్ వస్తే ఈ వాదన మళ్లీ తీస్తాను. కటింగ్ మాస్టర్ గారు నా వైపే ఉంటారని నా నమ్మకం.