నల్లోడికి కొబ్బరినూనె

నల్లోడు మా కుక్క, ఒంటిమీద బొచ్చు ఉండని షోలో జాతి. వాడి గురించి అత్తయ్య వీడియో కాల్‌లో ఇవాళ కూడా అదే పాట. "వాడి ఒంటికి రోజూ ఇంత కొబ్బరినూనె పట్టించమ్మా, నిగనిగలాడతాడు." పెద్దావిడ కదా అని ఊకొట్టాను గానీ పదకొండయినా ఆ మాట మనసులోంచి పోవట్లేదు.

షోలోకి వెంట్రుకలు లేవంతే, రోమకూపాలు ఉన్నాయి. బయటికి రాని వెంట్రుక, చర్మపు జిడ్డు, రాలిన పొట్టు అందులోనే బిగుసుకుని నల్లటి మొటిమలవుతాయి. దాని మీద నూనె రాస్తే సీసాకి బిరడా కొట్టినట్టే. నల్లోడికి ముందు చెడేది వీపు, ఆ తర్వాత బెల్టు కింద మెడ. గిల్లకూడదు. గిల్లితే కూపం లోపలే పగిలి చీము పడుతుంది.

దానికి మందు ఓపికే. 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న కుక్కల షాంపూ మొటిమలున్న చోట మాత్రమే పట్టించి, పది నిమిషాలు వాడు నాక్కుండా చూసుకుని, చేతికి తగిలే జారుడు పోయేదాకా గోరువెచ్చటి నీళ్లతో కడగాలి. మాకు వారానికి ఒకసారి సరిపోతోంది. రుద్దకుండా అద్దాలి, అదీ తెల్ల తువ్వాలుతోనే, రంగు తువ్వాలైతే వెలిసిపోతుంది.

వాణ్ణి తెచ్చుకున్న రోజు ఆ ఈతలో ఒక పిల్ల ఒళ్లంతా వెంట్రుకలతో ఉంది. అదే తల్లి, అదే తండ్రి. నోరు తెరిచి చూపిస్తే దానికి పళ్లన్నీ ఉన్నాయి, మావాడికి దవడ పక్కన ఖాళీలు. వెంట్రుకల్ని ఆపే ఫాక్స్‌ఐ3 జన్యు మార్పే పళ్లనీ ఆపుతుంది. ఈ సంగతి 2008లో తేలింది. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తే పిల్ల కడుపులోనే పోతుంది. ఆ బొచ్చు పిల్ల నా చెయ్యి నాకుతూనే ఉంది, ఇప్పటికీ గుర్తొస్తుంది. పళ్లు తక్కువ కాబట్టే మావాడికి గట్టి ఎముకలు పెట్టనని కూడా అత్తయ్యకి చెప్పాలి.

ఇంత రాశాక ఆవిడ మాట పూర్తిగా కొట్టెయ్యబుద్ధి కావట్లేదు. చలికాలం హీటర్ వేస్తే మోచేతులు గట్టిపడి, చెవి అంచులు పగులుతాయి. అక్కడ మొటిమలు రావు కాబట్టి స్నానం అయ్యాక తడి ఆరకముందే రెండు చుక్కలు రాస్తే మంచిదే. వీపు జోలికి మాత్రం వెళ్లనివ్వను.

ఎండకి రాసే క్రీముల్లో మాత్రం జింక్ ఆక్సైడ్ అసలు ఉండకూడదు. నాకితే విషం. మధ్యాహ్నం నడకే మానేస్తే ఆ గొడవా ఉండదు.

ఒళ్లు కాలుతోందని, జ్వరమేమోనని కూడా అడిగింది పాపం. అన్ని కుక్కల్లాగే 38, 39 డిగ్రీలే. మధ్యలో బొచ్చు లేక ఆ వేడి నేరుగా చేతికి తగులుతుంది. ఈసారి కాల్‌లో థర్మామీటర్ పెట్టి చూపిస్తాను.