నాన్న బరువు నోట్‌బుక్

నాన్నకి హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె రక్తాన్ని సరిగ్గా పంప్ చేయలేని జబ్బు. నర్సు బొటనవేలితో నాన్న చీలమండ పైన గట్టిగా నొక్కి తీసింది. సొట్ట అలాగే ఉండిపోయింది.

"రోజూ బరువు చూసుకుంటున్నారా అండీ?"

నాన్న దర్జాగా నోట్‌బుక్ తీశారు. పొద్దున బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు చూసిన అంకెలు. మూడు రోజుల్లోనే 2 కిలోల పైన పెరిగారు. అది కొవ్వు కాదు, ఒంట్లో చేరిన నీరు. ఒక్కోసారి ఆయాసం కంటే ముందే బరువు మెషీన్ చెప్పేస్తుంది.

డాక్టర్ ఒంట్లో నీటిని మూత్రంలో బయటికి పంపే ఫ్యూరోసెమైడ్ మందు డోసు పెంచి, రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పరీక్షలు రాశారు. అడ్మిషన్ అక్కర్లేదన్నారు, హమ్మయ్య! మోకాళ్ల నొప్పులకి ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేసుకోవద్దన్నారు. అవి ఒంట్లో నీటిని నిలబెట్టేస్తాయట.

నాన్న దిగులంతా ఉప్పు గురించే. "ఇంకా ఎంత తగ్గించాలమ్మా?" అంటూ నర్సుతో బేరం మొదలుపెట్టారు.